పెట్టె మీది అంకెలు పాట పాడతాయా?

"ఫలానా కొత్త హీరో ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, ఛాతీ నలభై నాలుగు, బరువు డెబ్భై ఎనిమిది కిలోలు... కనుక ఇతను అద్భుతంగా నటిస్తాడు" అని ఎవరైనా మీతో అంటే ఏం చేస్తారు? పగలబడి నవ్వుతారు. "అయ్యా, ముందు సినిమా చూడనివ్వండి, నటన సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అంటారు. మొదటి ఆట చూసొచ్చిన నేల టిక్కెట్టు కుర్రాడి మాటకున్న విలువ ఆ కొలతల పట్టికకి లేదని మీకు బాగా తెలుసు.

మరి అంత తెలివైన మీరే, పాటలు వినే పెట్టె కొనడానికి వెళ్లేసరికి ఏమైపోతారండీ? "ఇది 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ సార్! అది ఉత్త 16 బిట్" అని సేల్స్‌మన్ అనగానే బుద్ధిగా తల ఊపేసి, ఫోను తీసి డబ్బు పంపించేస్తారు. పాట వినరు. వింటే గింటే ఆ షాపులో పొద్దుట్నుంచి మోగుతున్న దడదడలే వింటారు. ఛాతీ కొలత చూసి హీరోని బుక్ చెయ్యడమంటే ఇదే కదా!

నాకు ఈ పెట్టెల పిచ్చి ముప్పయ్యేళ్లుగా ఉంది. టేప్‌రికార్డరు, వాక్‌మన్, సీడీ ప్లేయరు, ఎం.పి.3 ప్లేయరు, ఇప్పుడు ఫోనుకి తగిలించుకునే డాక్... అన్నీ మా ఇంట్లో అద్దెకున్నవాళ్లలా వచ్చి వెళ్లినవే. డాక్ అంటే మరేం లేదు, అంకెల రూపంలో ఉన్న పాటని మళ్లీ చెవికి వినబడే కరెంటు అలగా మార్చే యంత్రం. మీ ఫోనులోనూ ఒకటుంది. ఇన్నేళ్లలో నేను గమనించిందేమిటంటే, పెట్టె మీద ప్రచురించే అంకెలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. చెవి మాత్రం మా తాతగారి కాలంలో ఎంత ఉందో అంతే ఉంది.

పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పి.ఎం.పి.ఓ. అనే మాయాజాలం. అరచేతిలో పట్టే స్పీకర్ల జత మీద వందల వాట్లు, టేప్‌రికార్డర్ల మీద అంతకు మించి! దానికి కరెంటు ఇచ్చే అడాప్టరు వైపు చూస్తే నాలుగైదు వాట్లకి మించి ఇవ్వలేనిది. మరి మిగతా వాట్లు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? పి.ఎం.పి.ఓ. కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ ఒకటి లేదు. ఎవరికి తోచింది వాళ్లు వేసుకున్నారు. ఇప్పుడా నాలుగక్షరాలు బాగా తగ్గాయి గానీ, వాటి స్థానంలో బిట్లూ కిలోహెర్ట్జ్‌లూ వచ్చి కూర్చున్నాయి. ఒక్క తేడా. పి.ఎం.పి.ఓ. పచ్చి అబద్ధం. ఈ కొత్త అంకెలు చాలావరకు నిజాలే. నిజం చెబుతూనే బోల్తా కొట్టించడం ఇంకా పెద్ద విద్య!

చెవి దాటిపోయిన అంకెలు

1980లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కూర్చుని సీడీకి కొలతలు రాసుకున్నాయి. సెకనుకి 44,100 సార్లు ధ్వనిని కొలవాలి, ఒక్కో కొలతకి 16 బిట్లు. ఆ 44,100 అనే వింత అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? మన సినిమావాళ్లకి నచ్చే కథే. అప్పట్లో డిజిటల్ ధ్వనిని దాచుకోవడానికి వేరే దారి లేక వీడియో టేపుల్లో దాచేవారు. తెర మీది గీతల లెక్కకి సరిపడేట్టు గుణిస్తే వచ్చిన అంకె అది. అంటే పాటకి బొమ్మ పెట్టిన భిక్ష అన్నమాట!

మనిషి చెవి వినగలిగేది బాగా ఉన్న రోజుల్లో సుమారు 20,000 హెర్ట్జ్ దాకా. వయసుతో అది తగ్గుతూ వస్తుంది. 20,000 వినిపించాలంటే దానికి రెండింతలకి కాస్త పైన కొలిస్తే చాలు, గణితం ఆ మాట గట్టిగా చెబుతుంది. 16 బిట్లంటే అతి చిన్న చప్పుడుకీ అతి పెద్ద చప్పుడుకీ మధ్య 96 డెసిబెల్స్ ఎడం. ఫ్యాన్ తిరుగుతూ, వీధిలో ఆటోలు వెళుతూ ఉండే మన గదుల్లో అందులో సగం కూడా వాడుకోలేం. 24 బిట్లకి కాగితం మీద 144 డెసిబెల్స్ వస్తాయి, నిజమే. కానీ నేటి మేలైన డాక్‌లు కూడా 120, 130 మధ్య ఆగిపోతాయి. ఆ పైన ఉన్న బిట్లు హాల్లో అమ్ముడుపోని సీట్లలాంటివి. 32 బిట్ అని రాసి ఉంటే ఆ ఖాళీ సీట్లు ఇంకా పెరిగాయని అర్థం.

ఇక్కడే ఒక చక్కని ముచ్చట చెప్పాలి. 1982 అక్టోబర్ 1న జపాన్‌లో సోనీవాళ్ల మొదటి సీడీ ప్లేయరు అమ్మకానికొచ్చింది. అందులో 16 బిట్ల చిప్పు. ఫిలిప్స్‌వాళ్ల మొదటి ప్లేయరులో ఉన్నది 14 బిట్ల చిప్పు! కాగితం మీద చూస్తే ఫిలిప్స్ ఓడిపోయినట్టే కదా? అసలు సంగతేమిటంటే, వాళ్లు ఆ 14 బిట్ల చిప్పునే నాలుగింతల వేగంతో పరిగెత్తించి, రొదని చెవికందని పైస్థాయికి తోసేసి, 16 బిట్లకి దీటుగా పాడించారు. సోనీ ప్లేయరులో 16 బిట్ల చిప్పు ఒక్కటే ఉండి, కుడి చెవికొకసారి ఎడమ చెవికొకసారి వంతులవారీగా పనిచేసేది. ఏ పెట్టె మీదా ఈ గొడవ రాసి ఉండదు. 14 కంటే 16 పెద్దది, అంతవరకే కొనేవాడికి కనబడేది. ఆ పాత ఫిలిప్స్ ప్లేయర్లని ఇప్పటికీ దాచుకుని మురిసిపోయేవాళ్లున్నారు.

ఒంటరి గొంతు పెట్టిన పరీక్ష

"మరి ఇంజనీర్లు అంకెలు చూసే కదండీ తయారుచేస్తారు?" అంటారేమో. ఎం.పి.3 కథ వినండి. ఇప్పుడు మన ఫోన్లలో పారే పాటల ప్రవాహానికి ముత్తాత అది. 1980ల చివర్లో జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ అనే ఇంజనీరు, ఆయన జట్టువాళ్లు పాట పరిమాణాన్ని పన్నెండో వంతుకి కుదించే ప్రయత్నంలో ఉన్నారు. చెవి ఎలాగూ పట్టించుకోని చప్పుళ్లని పారేస్తే చోటు మిగులుతుంది. అదీ సూత్రం. పెద్ద పెద్ద వాద్యబృందాల సంగీతం బాగానే కుదురుతోంది. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అప్పుడాయన ఒక హైఫై పత్రికలో చదివారట, సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని పాటతో స్పీకర్లని పరీక్షిస్తున్నారని. వాద్యం ఒక్కటీ లేకుండా ఒంటరి ఆడగొంతుతో సాగే పాట అది. సరే, దాన్నీ కుదించి విన్నారు. ఘోరం! గొంతు చెడి బీటలు వారినట్టు వినిపించింది. వంద వాద్యాల హోరులో దాక్కున్న లోపం ఒక్క గొంతు ముందు బట్టబయలైంది. మేకప్ లేకుండా తీసిన క్లోజప్‌లో ముఖం మీది మచ్చ కనబడినట్టన్నమాట. ఆ పాటని మళ్లీ మళ్లీ వింటూ, సరిదిద్దుతూ, మళ్లీ వింటూ పోయారు. అంటే డిజిటల్ యుగపు అతి పెద్ద ఆవిష్కారాల్లో ఒకదానికి చివరి తీర్పు చెప్పింది మీటరు కాదు, చెవి.

యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య 1988లో ఇలాంటి పరీక్షల కోసమే ఒక సీడీ వెలువరించింది. అందులో పెద్ద పెద్ద సింఫనీలే ఉంటాయనుకుంటాం. విడివిడి వాద్యాలు, మామూలు మాటలు, కాస్టనెట్స్ కూడా ఉన్నాయి. కాస్టనెట్స్ అంటే మన చిడతలకి స్పెయిన్ దేశపు చుట్టాలు. టక్కుమని కొట్టే చప్పుడు డిజిటల్ కుదింపుకి పెద్ద గండం. దెబ్బ పడకముందే దాని మసక వినబడుతుంది. మనకి స్పెయిన్ దాకా ఎందుకు? ఏదైనా మంచి నాట్యం పాటలో గజ్జెల మోత వినండి. తక్కువ రకం కుదింపులో గజ్జెలు "ఘల్లు" మనవు, "షల్" మంటాయి, చింతగింజలు చేటలో చెరిగినట్టు!

చెవి కూడా పరమ సాధువేం కాదు

ఇంతవరకూ చెవికి హారతులిచ్చాను. ఇప్పుడు దాని బండారం కూడా చెప్పాలి. లేకపోతే షాపువాళ్లు దాన్ని అడ్డం పెట్టుకుని మీ జేబు ఖాళీ చేస్తారు.

1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక తమాషా చేశారు. తెర మీద మనిషి పెదాలు "గ" అంటున్నట్టు కదులుతాయి. వినిపించే ధ్వని మాత్రం "బ". చూసినవాళ్లకి వినబడింది ఏమిటో తెలుసా? "ద"! రెండూ కాని మూడోది. కళ్లు మూసుకుంటే చక్కగా "బ" అనే వినిపిస్తుంది. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకి ఇది కొత్తగా ఉండక్కర్లేదు. కన్ను చెప్పింది చెవి వింటుంది. అలాంటప్పుడు తళతళలాడే అల్యూమినియం పెట్టె, దాని మీద పద్దెనిమిది వేల ధర చూశాక, చెవి నిష్పక్షపాతంగా ఎలా ఉంటుంది?

1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు నిపుణులు తమ సంస్థ ఉద్యోగులకే స్పీకర్లు వినిపించారు. ఒకసారి కనబడేలా, ఒకసారి తెర చాటున. కనబడినప్పుడు పెద్దగా, అందంగా ఉన్న తమ స్పీకర్లకి మార్కులు బాగా వేశారు. తెర వేసేసరికి ఆ మార్కులు తారుమారయ్యాయి. చెవులు అవే, స్పీకర్లు అవే, గది అదే!

చెవిని మోసం చేసే రెండో దొంగ శబ్దం ఎక్కువతక్కువలు. రెండు పెట్టెల్లో ఒకటి ఆవగింజంత గట్టిగా మోగితే చాలు, ఒక డెసిబెల్ కూడా అక్కర్లేదు. మనకది "గట్టిగా ఉంది" అనిపించదు. "స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది" అనిపిస్తుంది. పైగా తక్కువ శబ్దంలో చెవికి మంద్రస్థాయి సరిగా అందదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే గీతలు గీసి చూపించారు. కనుక ఖరీదైన పెట్టె పెట్టినప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూనే వాల్యూమ్ చిటికెడు పెంచితే బేరం తెగినట్టే. ఈ చిటికె వైద్యం నేను కళ్లారా చూశాను. ఎక్కడ, ఏ షాపులో అని అడక్కండి, చెప్పను.

చీటీ డబ్బు

మా అక్కయ్య నెలకి వెయ్యి చొప్పున ఇరవై నెలలు చీటీ కట్టి, ఆ ఇరవై వేలూ కొడుక్కి మొదటి ఉద్యోగం వచ్చిన సందర్భంలో చేతిలో పెట్టింది. "నీకేం కావాలో కొనుక్కోరా. మిగిల్తే నాకు పాటలు వినడానికేదైనా చూడు. వంటింట్లో రేడియో మూగబోయింది" అంది. మావాడు ఆ మాటలో మొదటి సగమే విన్నాడు. తిన్నగా నా దగ్గరికొచ్చి, "మామయ్యా, 18,000కి ఒక డాక్ చూశాను. 32 బిట్, 768! కోటీ వెళ్దాం పద" అన్నాడు. చేతిలో ఉన్నది ఎనిమిది వందల రూపాయల చిన్న డాంగిలు, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు.

"ఇందులో ఏం లోటు వినబడుతోందిరా నీకు?" అన్నాను.

"లోటని కాదు మామయ్యా... స్పెక్స్ చూడు!"

అదే డాక్ వాడి ఆఫీసు స్నేహితుడి దగ్గర ఉంటే ఆదివారానికి అరువు తెప్పించాం. రెండిటి శబ్దం సమానం చెయ్యాలి కదా. ఇంట్లో ఉన్న మామూలు మల్టీమీటరుతోనే చేశాం. ల్యాప్‌టాప్‌లో 60 హెర్ట్జ్ హమ్మని ఒకే స్వరం మోగించి, రెండు డాక్‌ల దగ్గరా వోల్టేజీ ఒకటే వచ్చేట్టు వాల్యూమ్ సర్దాం. 60 హెర్ట్జే ఎందుకంటే, చవక మీటర్లు కరెంటు సరఫరా కొలవడానికి పుట్టినవి. ఆ దరిదాపుల్లోనే నిజం చెబుతాయి. తర్వాత నేను వాడి వెనక కూర్చుని నాణెం ఎగరేస్తూ, బొమ్మ పడితే ఇది, బొరుసు పడితే అది తగిలించాను. పదహారు సార్లు. 'శంకరాభరణం' పాటలు వాడికి కంఠతా వచ్చు కనుక అవే పెట్టాం. బాలుకీ వాణీ జయరాంకీ జాతీయ అవార్డులు తెచ్చిన ఆ గొంతులకంటే మంచి సాక్షులు ఎక్కడ దొరుకుతారు?

పదహారింటిలో తొమ్మిది సరిగ్గా చెప్పాడు. కళ్లు మూసుకుని ఊహించినా సగటున ఎనిమిది వస్తాయి. పన్నెండో పైనో వస్తే అప్పుడు చెవికి నిజంగా ఏదో తెలుస్తోందని నమ్మొచ్చు. ఊరికే ఊహించి పన్నెండో పైనో తెచ్చుకోవడం నూటికి నాలుగుసార్లే జరుగుతుంది. వాడి ముఖం కాస్త చిన్నబోయింది. "ఇంకోసారి ఆడదాం మామయ్యా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, డాక్‌కి కరెంటు దాన్నుంచే. పాట ఆపి నిశ్శబ్దంగా కూర్చున్నాం. వాడు ఉన్నట్టుండి ఇయర్‌ఫోను గట్టిగా నొక్కుకున్నాడు. "మామయ్యా, సుయ్‌మని వస్తోందేంటి?" అన్నాడు. పద్దెనిమిది వేల డాక్! పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లని మోయించడానికి బోలెడంత బలం ఇచ్చి చేశారు దాన్ని. ఆ బలం ముందు వాడి సున్నితమైన చిన్న ఇయర్‌ఫోన్లు పెడితే యంత్రం ఊపిరి కూడా వినబడుతోంది. ఎనిమిది వందల డాంగిలు పెట్టి చూశాం. నిశ్శబ్దం. పెట్టె మీద అంకెల్లో ఏది గొప్పదో ఎవరైనా చెప్పగలరు. వాడి ఇయర్‌ఫోన్లతో ఏది గొప్పదో ఏ పెట్టె మీదా రాసి లేదు.

ఆ డాక్ చెడ్డదని నేననడం లేదు సుమండీ. బరువైన స్టూడియో హెడ్‌ఫోన్లు ఉన్నవాడికి అదే బంగారం. వాడికి కాదు, అంతే.

ఇక మా అక్కయ్య వంతు. కోటీలో గుజరాతీ గల్లీ తెలియని హైదరాబాద్ పాటల పిచ్చోడు ఉండడు. అక్కడ ఒక చిన్న షాపాయన్ని బతిమాలి, వద్దంటే రెండ్రోజుల్లో తిరిగిచ్చే షరతు మీద చెక్కపెట్టె స్పీకర్ల జత ఒకటి తెచ్చాం. మావాడు ఆన్‌లైన్లో ఇష్టపడి తెప్పించిన బ్లూటూత్ గొట్టం ఒకటి. దాని మీద ఉన్నన్ని అక్షరాలూ అంకెలూ ఒక సినిమా పోస్టరు మీద కూడా ఉండవు. రెండిటినీ వంటింటి గుమ్మానికి పాత చీర కట్టి దాని వెనక పెట్టాం. ఫోనులో శబ్దం కొలిచే యాప్ చూసుకుంటూ రెండూ సమానం చేశాం. 'మాయాబజార్' పడవ పాట పెట్టాం, ఘంటసాల, లీల పాడింది.

ఆవిడ వంకాయలు తరుగుతూనే వింది. మొదటిది అయ్యాక ఏం అనలేదు. రెండోది మొదలైన పావు నిమిషానికే కత్తిపీట మీంచి తలెత్తి, "ఒరే, ఇందులో ఘంటసాలకి జలుబు చేసిందిరా! ఇందాకటిదే పెట్టు" అంది.

జలుబు చేసింది బ్లూటూత్ గొట్టంలో. కింది స్థాయిని ఉబ్బించి మగగొంతుని ముక్కులోంచి వచ్చేట్టు చేసింది. చెక్క స్పీకర్ల మీద ఉన్నది "80 నుంచి 18,000 హెర్ట్జ్, ఎటూ మూడు డెసిబెల్స్ తేడాలోపు" అని ఒకే ఒక్క వరస. గొట్టం మీద దర్జాగా "20 నుంచి 20,000" అని ఉంది. ఎన్ని డెసిబెల్స్ తేడాలోపు అన్న మాట ఎక్కడా లేదు. ఆ తోక లేని అంకెకి అర్థం లేదు. 20 హెర్ట్జ్ దగ్గర చీమ నడిచినంత చప్పుడు చేసినా "20 నుంచి" అని రాసుకోవచ్చు. గొట్టం వెనక్కి వెళ్లింది. స్పీకర్లకి తొమ్మిది వేలు. మిగిలిన పదకొండు వేలూ మావాడి దగ్గరే ఉన్నాయి, దేనికో చెప్పడం లేదు.

పాట ఎక్కడ చెడుతుంది?

'మాయాబజార్' పేరెత్తాం కనుక ఒక మాట. 1957 నాటి చిత్రం. 2010లో రంగులద్ది, ధ్వనిని కూడా డి.టి.ఎస్.కి మార్చి విడుదల చేశారు. ఆనాటి సినిమాల ధ్వని ఫిల్ము అంచున కాంతి గీతగా ఉండేది, ఒకటే ట్రాకు. అందులో సుమారు 8,000 హెర్ట్జ్ పైన ఉండే సరుకు బహు తక్కువ. అలాంటి పాటని 192 కిలోహెర్ట్జ్ ఫైలుగా అమ్మితే, 96,000 హెర్ట్జ్ దాకా పట్టే గంగాళంలో గ్లాసుడు నీళ్లు పోసినట్టు. గంగాళానికి డబ్బు కట్టించుకుంటారు.

కానీ ఆ గ్లాసుడు నీళ్లని ఎవరు, ఎంత శుభ్రంగా పట్టారన్నది చాలా పెద్ద విషయం. ఒకే పాత పాటకి ఇప్పుడు నాలుగైదు రూపాలు దొరుకుతున్నాయి. ఒకదాంట్లో గరగర తీసేస్తామని గొంతుని కూడా గీకేసి, నీళ్లలో మునిగి పాడుతున్నట్టు చేస్తారు. ఇంకోదాంట్లో ఒకే ట్రాకుని రెండుగా చీల్చి, బావిలోంచి వచ్చే ప్రతిధ్వని తగిలిస్తారు. మరోదాంట్లో కాస్త గరగర వదిలేసి గొంతుని కాపాడతారు. అంకెలు చూస్తే మూడూ ఒకటే. నాకైతే గరగర ఉన్నా మూడోదే ప్రాణం. పాతకాలం నాటి పెద్దాయన గొంతులో దగ్గు ఉంటే ఉండనివ్వండి, మనిషి ఉండాలి.

ఇది నా ఛాందసం అనుకోకండి. అమెరికాలోని బోస్టన్‌లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఏడాది పాటు ఒక పరీక్ష నడిపి 2007లో ఫలితం ప్రచురించారు. పెద్ద అంకెల డిస్కులు ఒకవైపు, అదే ధ్వనిని సీడీ కొలతలకి కుదించి ఇంకోవైపు. ఏది ఏదో తెలియకుండా 554 సార్లు వినిపించారు. సరిగ్గా చెప్పింది 276 సార్లు, అంటే సగానికి సగం. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ పెద్ద అంకెల డిస్కులు చాలావరకు మామూలు సీడీలకంటే బాగా వినబడుతున్నాయని వాళ్లే రాశారు. కారణం? వాటిని తయారుచేసినవాళ్లు శ్రద్ధగా, తొందరపడకుండా, ధ్వనిని పిప్పిచెయ్యకుండా చేశారు. గొప్పతనం డిస్కుది కాదు, చేతిది.

పిప్పిచెయ్యడం అంటే ఏమిటో 2008లో మెటాలికా అభిమానులని అడగాలి. ఆ రాక్ బృందం కొత్త ఆల్బమ్ సీడీ కంటే, అవే పాటలు ఒక వీడియో గేములో వినబడినప్పుడు బాగున్నాయని కుర్రాళ్లు పట్టేశారు. సీడీలో అన్నిటినీ గరిష్ఠ శబ్దానికి నొక్కేశారు మరి. 96 డెసిబెల్స్ చోటుంటే అందులో ఇరుకు మూలన అందర్నీ కుక్కి కూర్చోబెట్టినట్టు. అంకెల్లో దొరకని ఆ తప్పుని పట్టింది మీలాంటి కుర్రకారే!

అలాగని అంకెలన్నీ చెత్తబుట్టలో పారెయ్యమనను. హెడ్‌ఫోను ఓమ్‌లు ఎన్ని, ఎంత కరెంటుకి ఎంత మోగుతుంది అన్నవి చూడకపోతే డాక్‌కీ దానికీ జాతకం కుదరదు. మా ఇంట్లో "సుయ్" మన్నది అందుకే. స్పీకరు అంకెల పక్కన "ఇన్ని డెసిబెల్స్ తేడాలోపు" అని ఉందా లేదా చూడండి. బిట్లు, కిలోహెర్ట్జ్‌లు మాత్రం సీడీ స్థాయి దాటాక మీ చెవికి సంబంధించినవి కావు, వదిలెయ్యండి.

ఇక షాపుకెళ్లేటప్పుడు మీ పాటలు మీరే తీసుకెళ్లండి. షాపువాళ్ల పాట అక్కడి పెట్టెలన్నిటినీ గొప్పగా చూపించడానికి ఏరి పెట్టుకున్నది. నా జేబులో ఎప్పుడూ ఉండేవి కొన్నున్నాయి. సుశీలగారి పాత పాట ఒకటి, ఆవిడ "స", "ష" అన్నప్పుడు ఈల వేసినట్టు వస్తే ఆ పెట్టె వద్దు. 'సాగర సంగమం' నుంచి ఒకటి. ఇళయరాజా వాద్యబృందం ఒక్కసారి విచ్చుకున్నప్పుడు వయొలిన్లు ఇన్ని అని లెక్కపెట్టబుద్ధి కావాలి గానీ, ఒకే పెద్ద గోడలా మీద పడకూడదు. మృదంగం బాగా వినబడేది ఏదైనా ఒకటి. ఎడమ పక్క "గుమ్" అని కొసకి వంగుతుందే, ఆ వంపు వినబడాలి. ఉత్త "దబ్బు" మని ఆగిపోతే అది బాస్ కాదు, వాపు. చివరిగా, ఎవరైనా మామూలుగా మాట్లాడుతున్న రికార్డింగు. మీకు బాగా తెలిసినవాళ్లదైతే మరీ మంచిది. మీ అమ్మగారి వాట్సాప్ సందేశం చాలు! అమ్మ గొంతు తేడాగా వినిపిస్తే ఏ అంకె మిమ్మల్ని ఒప్పించలేదు.

గట్టిగా పెట్టి వినొద్దు, అలసిపోయి వినొద్దు, ఐదు నిమిషాలు విని తేల్చొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల దాకా పరవాలేదు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు తరిగిపోతాయి. రెండు పెట్టెలు పోల్చేటప్పుడు ఒకరిని పిలిచి మార్చమనండి, మీరు గోడవైపు తిరిగి కూర్చోండి. శబ్దం సమానం చెయ్యమని షాపాయన్ని అడిగితే ఆయన కొంచెం చిరాకు పడతాడు, పడనివ్వండి. ఇంటికి తీసుకెళ్లి వింటాను, నచ్చకపోతే తిరిగిస్తాను అని అడగడం మర్చిపోకండి. ఒప్పుకుంటే ఎన్ని రోజుల్లో ఇవ్వాలో బిల్లు మీద రాయించుకోండి. అట్టపెట్టె కూడా పారెయ్యకండి.